వేవిళ్ళ సినిమా

మా ఇంట్లో దేవుడి గదిలో ఎంతమంది దేవుళ్ళున్నా, హీరో మాత్రం ఒక్కడే. అరవయ్యో దశకం చివర తెనాలిలో ఉన్నవాళ్ళకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. ఊరంతా రెండు పార్టీలు. ఓట్ల పార్టీలనుకునేరు, అవి కావు. మా హీరో పార్టీ, ఎదుటి హీరో పార్టీ. మా వీధిలో పాలు పోసే ఆయన ఎదుటి పార్టీ అని తెలిసి మా అన్నయ్య పాలు మాన్పించేశాడంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. నాలుగు రోజులు పెరుగు లేకుండా అన్నం తిన్నది మేము, వాళ్ళు కాదు.

అన్నయ్య మా హీరో అభిమాన సంఘానికి కార్యదర్శి. కొత్త సినిమా వస్తోందంటే ముందు రోజే మా వంటింట్లో మైదా జిగురు ఉడికేది. అమ్మా నేనూ రంగు కాగితాలు కత్తిరించి తాళ్ళకి అంటించేవాళ్ళం. నాన్నగారు బట్టల కొట్టునుంచి వచ్చి, "ఇది ఇల్లా, తోరణాల కార్ఖానానా?" అని విసుక్కునేవారు గానీ, మొదటి రోజు మొదటి ఆటకి కొట్టు మూసి పరిగెత్తేవాళ్ళలో ఆయనే ముందుండేవారు. నా వంతు టిక్కెట్లు తేవడం. హాల్లో ఆడవాళ్ళకి టిక్కెట్ల కిటికీ వేరే ఉండేది. మగవాళ్ళ వరసలో చొక్కాలు చిరుగుతుంటే, నేను ఆడవాళ్ళ వరసలో మోచేతులతో దారి చేసుకుని పోయి, ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు పట్టుకొచ్చేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పటికీ ఉంది. ఆ వరసలో అది భలే పనికొచ్చేది.

ఇలాంటి ఇంటికి రేపల్లె నుంచి వదిన వచ్చింది.

పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ నా కాళ్ళు నేలమీద నిలవలేదు. అప్పుడు నాకు పదహారేళ్ళు, స్కూలు చదువు అయిపోయి ఇంట్లో ఉన్నాను. పెళ్ళికాని పిల్ల ఒక్కతే సినిమాకి పోకూడదు, పక్కన పెళ్ళయిన మనిషి ఉండాలి. అమ్మని బతిమాలి లేవదీసేసరికి సగం సినిమా అయిపోయేది. వదిన వస్తే ఇంక మ్యాట్నీలకి అడ్డేముంది? వదిన ఎలా ఉంటుందో, ఎంత చదువుకుందో నేను అడగలేదు. సినిమాలు చూస్తుందా అని మాత్రం అడిగాను. "ప్రాణం పెడుతుందట" అంది అమ్మ. ఎగిరి గంతేశాను.

కాపురానికి వచ్చిన మూడో రోజు వదిన తన ట్రంకు పెట్టె తెరిచింది. నేను పక్కనే ఉన్నాను, చీరలు చూద్దామని. మూత లోపలివైపు నిండుగా ఒక బొమ్మ అంటించి ఉంది, వారపత్రిక అట్టమీది బొమ్మ, చుట్టూ వెండిరంగు కాగితంతో అంచు కూడా కట్టింది. ఎదుటి హీరో!

"అమ్మా! అన్నయ్యా! ఇలా రండి, చూడండి!" అని ఇల్లెగిరిపోయేట్టు అరిచాను.

అందరూ వచ్చారు. అన్నయ్య ముఖం చూసి తీరాలి. సొంత సంఘంవాళ్ళు కార్యదర్శి పదవి పీకేసినా అంత డీలా పడేవాడు కాదు. నాన్నగారు పకపకా నవ్వారు. అమ్మ మంచిది, సర్దబోయింది. "పోనీలెండి, తెలియక అంటించుకుని ఉంటుంది."

"తెలియక కాదండీ అత్తయ్యగారూ, ఇష్టమై అంటించుకున్నాను" అంది వదిన, తల వంచుకునే.

ఆ మాటతో మేం ఊరుకోవలసింది. ఊరుకోలేదు. అన్నం దగ్గర అన్నయ్య ఆ హీరోలాగా దగ్గి చూపించేవాడు. ఆ హీరో ప్రతి సినిమాలోనూ ఏదో ఒక చోట దగ్గుతాడు, ఏదో ఒక చోట ఏడుస్తాడు, అదీ మా ఎగతాళి. నేను ఇంకా రెండాకులు ఎక్కువే చదివాను. రేడియోలో ఆయన సినిమా పాట మొదలైతే చాలు, వదిన చూస్తుండగా పోయి టక్కున కట్టేసేదాన్ని. వదిన మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత అసలు సినిమాల మాటే ఎత్తలేదు. మా ఇంట్లో సినిమాల మాట తీసేస్తే మాట్లాడుకోడానికి ఇంకేం మిగులుతుంది? అడిగినదానికి అవునండి, లేదండి, అంతే. పెట్టె తెరిచినా మూత సగమే ఎత్తి, లోపల చెయ్యి పెట్టి బట్టలు తీసుకునేది. నేనది గమనించాను. గమనించి కూడా మర్నాడు మళ్ళీ రేడియో కట్టేశాను. అదీ నా ఘనత.

ఆరు నెలలకి వదిన నెల తప్పింది. ఇల్లంతా సందడి. వేవిళ్ళతో ఏదీ కడుపులో ఇమడ్డం లేదు, మనిషి చిక్కిపోయింది. అమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ రోజుకి నాలుగుసార్లు అడిగేది. "ఏం తినాలనుందో చెప్పమ్మాయ్. కొల్లూరు లంకల అరటిపళ్ళు తెప్పించనా? చింతకాయ పచ్చడి నూరనా?" కడుపుతో ఉన్నవాళ్ళ కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకి చెవి కారుతుందని అమ్మకి గట్టి నమ్మకం. వదిన ఏదడిగినా తల అడ్డంగా ఊపేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాపట్ల నుంచి బాబాయి పనిమీద వచ్చాడు, మా పిన్ని భర్త. అన్నం తింటూ ఊళ్ళో కబుర్లు చెబుతూ, ఎదుటి హీరో సినిమా ఒకటి, రెండేళ్ళ కిందటిది, బాపట్లలో మళ్ళీ వేశారనీ, జనం విరగబడుతున్నారనీ, శుక్రవారం మారిపోతుందనీ అన్నాడు. మేం వినీ విననట్టు ఊరుకున్నాం. ఆ సినిమా తెనాలిలో నెలల తరబడి ఆడినప్పుడే మా ఇంట్లో ఎవరం చూడలేదు. చూడకపోవడం మాకు పెద్ద గర్వం.

ఆ సాయంత్రం అమ్మ ఎప్పట్లా అడిగింది, ఏం కావాలమ్మాయ్ అని.

"బాపట్లలో ఆడుతున్న ఆ సినిమా చూడాలనుందండీ" అంది వదిన.

అమ్మ తేరుకుని, "తినేదేదన్నా అడుగు తల్లీ!" అంది.

"తినడానికేం వద్దండీ. అదే కావాలనుంది."

ఇక చూడండి మా ఇంట్లో చర్చ! సినిమా వేవిళ్ళ కోరిక కిందికి వస్తుందా రాదా? అన్నయ్య రాదన్నాడు. నాన్నగారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. అమ్మ చాలాసేపు ఆలోచించి, కోరిక కోరికే, నోటితో తింటేనేం కంటితో చూస్తేనేం, నా మనవడి చెవి మీదికి తెచ్చుకోలేను అని తేల్చేసింది. కానీ వెంటనే ఇంకో గండం గుర్తొచ్చింది. ఆ సినిమా చివర్న హీరో చచ్చిపోతాడని లోకమంతటికీ తెలుసు. కడుపుతో ఉన్న మనిషి చావు చూడకూడదు, తెరమీది చావైనా సరే. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వదిన సినిమా చూడొచ్చు, కానీ హీరో చనిపోయేలోపు లేపి బయటికి తీసుకురావాలి.

ఎవరు తీసుకురావాలి? అన్నయ్య ఎగిరిపడ్డాడు. "నేనా? సంఘం కార్యదర్శిని ఆ హాల్లో ఎవరన్నా చూస్తే తెనాలిలో మళ్ళీ తలెత్తుకోగలనా?" అమ్మకి రైలు పడదు. అందరూ నావైపు చూశారు. నేను కాళ్ళు నేలకేసి కొట్టాను, ఏడ్చాను, అన్నం మానేస్తానన్నాను. అమ్మ లెక్కచెయ్యలేదు. చావు చూడనివ్వనని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది.

సరే, ఆయన ఎప్పుడు చస్తాడు? అది తెలియాలిగా! పాటల పుస్తకం వదినే పెట్టెలోంచి తీసిచ్చింది. ఆ రోజుల్లో పాటల పుస్తకంలో మొదట కథ వేసేవారు, కానీ సగమే. సరిగ్గా ముడి పడేచోట ఆపి, మిగతాది వెండితెరమీద చూడమనేవారు. ఎవర్నన్నా అడిగితే పోయేది. పాలాయన కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కానీ అడిగితే మా ఇంటినుంచి ఆ సినిమాకి మనుషులు పోతున్నారని వీధంతా గుప్పుమంటుంది. అంత అప్రతిష్ఠ తెచ్చుకుంటామా? అన్నయ్య ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. అలా మా పరువు కాపాడుకుని, ఏమీ తెలియకుండా గురువారం పొద్దున రైలెక్కాం.

అన్నయ్య మమ్మల్ని ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కించి, "ఎవరన్నా అడిగితే పిన్నిని చూడ్డానికని చెప్పండి" అని పదిసార్లు చెప్పాడు. నేను ముఖం మాడ్చుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. బొగ్గు నలుసులు కళ్ళల్లో పడుతున్నాయి. నిడుబ్రోలు దాటాక వదిన సన్నగా ఏదో పాట తీసింది. ఆర్నెల్లలో ఆమె గొంతులో పాట వినడం అదే మొదటిసారి. బాగా పాడుతుంది! నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ పాటకి నా కాలు దానంతటదే తాళం వేస్తోంది.

బాబాయి స్టేషనుకొచ్చి తీసుకెళ్ళాడు. పిన్ని ఇంట్లో భోజనం చేశాక మ్యాట్నీ వేళకి హాలు దగ్గర దింపి, ఆట వదిలేసరికి వస్తానని వెళ్ళాడు. ఆడవాళ్ళవైపు బెంచీలు, మగవాళ్ళకీ మాకూ మధ్య నడుమెత్తు చెక్క గోడ. వదినని లేపి తీసుకుపోవడానికి వీలుగా తలుపు పక్కనే చోటు చూసుకున్నాను. మా వెనక బెంచీలో సముద్రం వైపు పల్లెనుంచి వచ్చిన ఒక మామ్మ కూర్చుంది. చేపలన్నీ అమ్ముకుని, ఖాళీ గంప గేటు దగ్గర పెట్టి వచ్చిందట. నేను ఓణీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, ఆమెకి కనబడేట్టే.

ఆమె పట్టించుకోలేదు. "ఏమ్మా, ఒట్టి మనిషివి కాదా?" అని వదిన భుజం తట్టింది.

"కాదు మామ్మా" అంది వదిన, నవ్వుతూ.

"మరి ఈ సినిమాకొచ్చావేంటి తల్లీ? చివర్న ఆ బాబు పోతాడు కదమ్మా!"

చావకముందే లేపి తీసుకుపోవడానికి నేనొచ్చానని చెప్పాను. ఆ మాట చెవినపడి బెంచీలన్నీ ఇటు తిరిగాయి. కావాలంటే మేమూ చెబుతాంలే అన్నారు అందరూ.

ఆట మొదలైంది. హీరో పల్లెటూరి బడిపంతులు. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి పెంచుతుంటాడు. మొదటి పది నిమిషాల్లోనే దగ్గాడు. నేను దిగ్గున లేచి వదిన చెయ్యి పట్టుకున్నాను.

"కూర్చో పిల్లా, ఇంకా చాలా టైముంది" అంది వదిన.

సినిమా వదల్లేక అంటోందనుకున్నాను. తర్వాత ఆయన తాటాకు పాక కప్పడానికి నిచ్చెనెక్కాడు. లేచాను. కాలవలో దిగి ఈదాడు. లేచాను. విలన్ గ్లాసుతో పాలిచ్చాడు. లేచి నిలబడిపోయాను. "కూర్చోవే అమ్మాయ్, తెర కనబడ్డం లేదు" అని నాలుగు బెంచీల ఆడవాళ్ళూ కేకలు. "ఇప్పుడే కాదులే బంగారం, నేను చెబుతాగా" అంది వెనకనుంచి మామ్మ.

ఇంత కాపలా కాయాలంటే రెప్పవెయ్యకుండా చూడాలి మరి. మా హీరో సినిమాలైనా అంత శ్రద్ధగా చూడలేదు నేను. మా హీరో వస్తే ఈలలు, కేకలు, కాగితాలు ఎగరెయ్యడం, సగం మాటలు వినబడేవే కావు. ఇక్కడ ఆయన నిమ్మళంగా మాట్లాడుతుంటే హాలంతా నిశ్శబ్దం. తన పంచె చింపి తమ్ముడి పుస్తకాలకి సంచీ కుట్టాడు. తమ్ముడు పట్నం చదువుకి పోతుంటే రైలు కదిలేదాకా నవ్వుతూ నిలబడి, కదిలాక వెనక్కి తిరిగాడు. ముఖం కూడా చూపించలేదు, ఒట్టి వీపు! ఆ వీపు చూసి ఓణీ చెంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. ఇదేం నటన బాబూ, వీపుతో ఏడిపిస్తాడా అని కోపమొచ్చింది. ఇంటర్వెల్‌లో వదిన వేరుశెనక్కాయలు కొని ఒలిచి నా చేతిలో పోస్తుంటే ఆమెవైపు చూడలేకపోయాను.

రెండో సగంలో నేనెందుకొచ్చానో మర్చిపోయాను. పెద్ద ఉద్యోగస్తుడైన తమ్ముడు, చూడ్డానికొచ్చిన అన్నని స్నేహితుల ముందు పనివాడని చెప్పినప్పుడు, "ఒరేయ్, నీ కళ్ళు పోనూ!" అని బెంచీ ఎక్కి అరిచింది ఎవరనుకున్నారు? నేనే. చెక్క గోడ అవతల మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అన్న మంచానపడ్డాడు. తమ్ముడికి బుద్ధొచ్చి రైలెక్కాడు. ఇక్కడ ఈయన గుమ్మంవైపే చూస్తున్నాడు.

వెనకనుంచి మామ్మ నా భుజం తట్టింది. "ఇంక లేవండమ్మా. టైమైంది."

"ఒక్క నిమిషం మామ్మా" అన్నాను.

"పద" అంది వదిన, లేచి నిలబడి.

"ఆగు వదినా! తమ్ముడు రైలు దిగాడు, వచ్చేస్తున్నాడు!"

"అత్తయ్యగారికి మాటిచ్చావు. పద." నన్ను జబ్బ పట్టుకుని లాక్కుపోయింది. కాపలా కాయడానికొచ్చింది నేను, బయటికి ఈడ్పించుకున్నదీ నేనే!

హాలు వరండాలో బల్లమీద కూర్చుంది వదిన. తలుపు తెర వెనకనుంచి సన్నగా సంగీతం, ముక్కులు చీదుకోవడం వినబడుతున్నాయి. నేను కూర్చోలేక నిలబడలేక ఆ తలుపుకేసీ వదినకేసీ చూస్తున్నాను.

"నువ్వెళ్ళు. చూసొచ్చి నాకు చెప్పు" అంది.

"నిన్నొక్కదాన్నీ వదిలేసి ఎలా?"

"గేటు దగ్గర మనిషున్నాడు. నేనేమన్నా చిన్నపిల్లనా? పరిగెత్తు."

పరిగెత్తాను. చీకట్లో మా చోటు దొరకలేదు. మామ్మ చెయ్యి చాపి నన్ను తన పక్కకి లాక్కుంది. ఆ చెయ్యి వదల్లేదు నేను. చేపల వాసన వచ్చిందో లేదో కూడా నాకు తెలియదు. తమ్ముడు గుమ్మంలోకి అడుగుపెట్టాడు, అన్న చూశాడు, చూసి నవ్వాడు. అంతే. మామ్మ భుజంమీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను. మామ్మ తనూ ఏడుస్తూ, "ఊరుకో తల్లీ, సినిమాయే కదా" అని నా వీపు నిమురుతోంది.

దీపాలు వెలిగాక ముఖం తుడుచుకుని బయటికొచ్చాను. వదిన బల్లమీంచి లేచి ఎదురొచ్చింది.

"ఏమైంది?"

చచ్చిపోయాడని చెప్పొచ్చు. రెండేళ్ళుగా మా ఇంట్లో ఆ మాట చెప్పుకుని ఎంత నవ్వాం! అమ్మ చూడనివ్వొద్దంది గానీ చెప్పొద్దనలేదు. కానీ వదిన అలా నా నోటికేసి చూస్తుంటే నాకా మాట రాలేదు.

"బతికాడు వదినా" అన్నాను. "తమ్ముడు పెద్ద డాక్టర్ని తీసుకొచ్చాడు. ఇంజెక్షనిచ్చారు. లేచి కూర్చున్నాడు. కాఫీ కూడా తాగాడు."

వదిన నా ఉబ్బిన కళ్ళనీ, తడిసిన ఓణీనీ చూసింది. కాసేపు బిగబట్టుకుంది. ఇక ఆగలేక కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. "మా రేపల్లెలో నాలుగుసార్లు చూశాను పిల్లా. నాలుగుసార్లూ పోయాడు. నీ చేతిలో పడేసరికి కాఫీ కూడా తాగాడా!"

మరుక్షణం కోపం ముంచుకొచ్చింది. వరండాలో అందరూ వింటున్నారని కూడా చూడలేదు. "నాలుగుసార్లా! మరి వేవిళ్ళ కోరికని అమ్మని బెదిరించి, నన్ను ఇంతదూరం లాక్కొచ్చి, ఇలా ఏడిపించడం దేనికి?"

వదిన నవ్వు ఆపింది. "నేను చూడాలని కాదు. మీ ఇంట్లో ఆర్నెల్లనుంచీ ఆయన మాట ఎత్తితే నవ్వేవాళ్ళే గానీ వినేవాళ్ళు లేరు. పురిటికి పుట్టింటికి వెళ్ళే నెలలు ఇంకా రాలేదు. నాకు మాట్లాడుకోడానికి ఒక్క మనిషి కావాలనిపించింది. ఎవరా అని చూస్తే, అందరికన్నా ఎక్కువ గింజుకునేది నువ్వే కనబడ్డావు."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది, ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది. బాబాయి వచ్చి మమ్మల్ని స్టేషనుకి తీసుకెళ్ళాడు. రైలు అరగంట ఆలస్యం అన్నారు. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాక వదిన నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడు గుమ్మంలోకి రాగానే ఆయన నవ్వుతాడు చూడు, ఎలా నవ్వాడు, చెప్పు" అంది.

నాలుగుసార్లు చూసిన మనిషికి చెప్పడం మొదలుపెట్టాను. రైలొచ్చింది, ఎక్కాం, నిడుబ్రోలు వచ్చింది, పోయింది. ఒకళ్ళ మాటకి ఒకళ్ళం అడ్డం వస్తూ, తెనాలి వచ్చేదాకా మేమిద్దరం ఆగలేదు.